తొట్లకొండ ఎక్కితే ఏం చూడాలి, ఎలా చూడాలి: పాత విహారాన్ని చదివే పద్ధతి

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో, మంగమారిపేట దగ్గర ఎడమ చేతి వైపు ఒక కొండ వస్తుంది. అదే తొట్లకొండ. చాలామంది పైకెక్కి స్తూపం ముందు ఫొటో దిగి, కాసేపు సముద్రం చూసి, అరగంటలో దిగిపోతారు. కానీ అక్కడున్నది ఒక్క స్తూపం కాదు. రెండు వేల ఏళ్ల కింద బౌద్ధ భిక్షువులు వండుకుని, తిని, పాఠం చెప్పుకుని, వానాకాలం గడిపిన విహారం మొత్తం అక్కడే ఉంది. గదులు, భోజనశాల, సభా మండపం, చైత్యగృహాలు (పూజా మందిరాలు), నీటి తొట్లు అన్నీ ఒకే చోట పునాదులతో సహా కనిపించే స్థలాలు మనకు ఎన్నో లేవు.

మీరు ఆర్కిటెక్చర్ విద్యార్థి కావచ్చు, చరిత్ర టీచరు కావచ్చు, ఊరికే ఆసక్తి ఉన్నవారు కావచ్చు. ఇలాంటి కట్టడాన్ని పద్ధతిగా చదవడం ఎలాగో, దాని ఆరోగ్యాన్ని గమనించడం ఎలాగో ఇక్కడ చెబుతాను. ఉదాహరణ తొట్లకొండే అయినా బావికొండ, శంకరం, గుంటుపల్లి, నాగార్జునకొండ వంటి బౌద్ధ స్థలాల్లోనూ ఇదే పద్ధతి పనికొస్తుంది. ముందే ఒక మాట. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే నీటిని పట్టుకోండి. వాన నీరు ఎక్కడ పడుతోంది, ఎటు పోతోంది, ఎక్కడ నిలుస్తోంది అని చూస్తూ పోతే కట్టినవాళ్ల ఆలోచనా తెలుస్తుంది, కట్టడానికి ఇప్పుడు పట్టిన జబ్బూ తెలుస్తుంది.

బయలుదేరే ముందు

స్థలం ఎవరి రక్షణలో ఉందో కనుక్కోండి. తొట్లకొండ, బావికొండ రాష్ట్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. అనకాపల్లి పక్కన శంకరంలోని బొజ్జన్నకొండ, ఏలూరు జిల్లాలోని గుంటుపల్లి కేంద్రం పరిధిలో, అంటే భారత పురావస్తు సర్వే కింద ఉన్నాయి. ఎవరికి ఉత్తరం రాయాలి, ఏ చట్టం వర్తిస్తుంది అన్నది దీన్ని బట్టే తేలుతుంది. ఫోనుతో మామూలు ఫొటోలకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. ట్రైపాడ్ పెట్టాలన్నా, టేపు పట్టి కొలతలు తీయాలన్నా ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. డ్రోన్ జోలికి మాత్రం పోవద్దు. ఇది నౌకాదళం ఉన్న తీరం.

తర్వాత తవ్వకాల చరిత్ర చదవండి. 1970ల్లో నౌకాదళం స్థావరం కోసం ఈ తీరాన్ని విమానం నుంచి సర్వే చేసినప్పుడు కొండ మీది శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు, బ్రాహ్మీ లిపిలో శాసనాలు దొరికాయి. పక్కనే బావికొండలో 1982 నుంచి 1987 వరకు తవ్వకాలు జరిగాయి, అక్కడ ధాతు కరండం, అంటే పవిత్ర అవశేషాలు దాచిన భరిణె దొరికింది. ఈ వివరాలు తెలియకుండా వెళితే మీకు కనిపించేది ఇటుకల గుట్ట మాత్రమే.

ఒక పని తప్పకుండా చేయండి. వీలైతే అమరావతి మ్యూజియమో నాగార్జునకొండ మ్యూజియమో ముందు చూసి రండి. అక్కడి శిల్పాల్లో స్తూపాన్నే స్తూపం మీద చెక్కారు. కింద గుండ్రటి పీఠం (మేధి), దాని మీద గుమ్మటం (అండం), పైన చదరపు కటకటా (హర్మిక), గొడుగులు (ఛత్రాలు), నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ఆయక వేదికలు, ఒక్కో వేదిక మీద అయిదేసి స్తంభాలు. కొండ మీద మీకు కింది భాగమే కనిపిస్తుంది. పై భాగం ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే ఈ శిల్పాలకు మించిన ఆధారం లేదు. పూర్తి కట్టడాన్ని కళ్లారా చూసిన శిల్పులు చెక్కినవి అవి.

సామాను తక్కువే: ముప్పై మీటర్ల టేపు, అయిదు మీటర్ల చిన్న టేపు, దిక్సూచి, గళ్ల కాగితం, పెన్సిల్, మేస్త్రీలు వాడే మట్టు గుండు, ఫొటోలో పక్కన పెట్టడానికి ఒక స్కేలు. గొడుగు కూడా తీసుకెళ్లండి. కొండ మీద నీడ తక్కువ.

మొదటి పూట టేపు తీయొద్దు

మొదటి పూట నడవడానికే. గేటు దాటగానే స్తూపం వైపు పరుగెత్తకుండా ముందు కొండ అంచు వెంట ఒక చుట్టు తిరగండి. సముద్ర మట్టానికి సుమారు 128 మీటర్ల ఎత్తు. ఒకవైపు సముద్రం, మరోవైపు లోపలి పల్లెలు. భిక్షువులు భిక్షకు దిగి వెళ్లాలి కాబట్టి ఊరికి మరీ దూరంగా ఉండకూడదు, ధ్యానానికి ఊరి సందడి వినపడకూడదు. తీరం వెంట వచ్చే వర్తకుల దానం అందాలి. ఈ మూడూ కుదిరే చోటు కోసం వెతికినట్టు ఉంటుంది ఈ కొండ. రోమన్ నాణెం ఇక్కడికి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు సగం ఆ అంచు మీద నిలబడి సముద్రం చూస్తేనే తెలిసిపోతుంది.

రెండో చుట్టులో కట్టడాలను రెండుగా విడదీసుకోండి: పూజ కోసం కట్టినవి, బతకడం కోసం కట్టినవి. మహాస్తూపం, చుట్టూ ఉన్న చిన్న మొక్కుబడి స్తూపాలు, ఏనుగు వీపు ఆకారంలో ఒక చివర గుండ్రంగా తిరిగే చైత్యగృహాలు మొదటి రకం. వరసగా కట్టిన చిన్న గదులు, మధ్యలో మండపం, భోజనశాల, వంటశాల, సామాన్ల గది రెండో రకం. ఒకదాని నుంచి ఇంకోదానికి దారి ఎలా ఉందో చూడండి. రాతి పలకలు పరిచిన బాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడండి. పొద్దున లేచిన భిక్షువు గదిలోంచి బయటికొచ్చి ముందు ఎక్కడికి వెళ్లి ఉంటాడో మీరే నడిచి చూడండి. కాగితం మీద పది ప్లాన్లు చూసినా రాని అవగాహన ఈ నడకతో వస్తుంది.

ఒక గదిలోకి అడుగుపెట్టి కాసేపు కూర్చోండి. ఒక మనిషి పడుకోవడానికి, తన కొద్దిపాటి సామాను పెట్టుకోవడానికి సరిపోయేంత చోటు. గడప రాయి మిగిలి ఉంటే దాని మీద గుండ్రటి గుంట ఉందేమో చూడండి. తలుపు ఇరుసు తిరిగిన చోటు అది. గుంట ఉంటే తలుపు ఉండేది, తలుపు ఉంటే చెక్కపని ఉండేది. పైకప్పు చాలావరకు కర్ర, పెంకులతో ఉండేది కాబట్టే ఈరోజు మనకు గోడల మొదళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ కర్రపని ఎలా ఉండేదో చూడాలంటే గుంటుపల్లి వెళ్లాలి. అక్కడ కొండను తొలిచిన గుండ్రటి చైత్యగృహంలో పైకప్పుకు దూలాలు, వాసాలు ఉన్నట్టు రాయినే చెక్కారు. రాయికి వాసాలు అక్కర్లేదు. కర్ర ఇంటికి అలవాటుపడిన చేతులు రాతిలోనూ వాటిని విడిచిపెట్టలేదు.

ప్లాన్ గీయడం

పెద్ద ప్లాన్ మీకు పాత నివేదికల్లోనో, స్థలం దగ్గరి బోర్డు మీదో దొరుకుతుంది. అయినా ఒక చిన్న భాగాన్ని మీ చేత్తో గీయండి. ఒక గదుల వరస చాలు. గీసేటప్పుడే కన్ను ప్రతి మూల దగ్గరా ఆగుతుంది.

గదికి నాలుగు వైపులా కొలిస్తే చాలదు, రెండు ఐమూలలూ, అంటే మూల నుంచి ఎదుటి మూలకు, కొలవండి. ఐమూలలు సమానంగా రాకపోతే గది మూలలు లంబకోణంలో లేవని అర్థం. పాత గోడ అలాగే కట్టారా, తర్వాత కుంగి జరిగిందా అన్నది మట్టు గుండు వేలాడదీసి చూస్తే కొంతవరకు తేలుతుంది. గుండ్రటి స్తూపానికి నడి మధ్యకు మీరు చేరలేరు, ఎక్కకూడదు కూడా. చుట్టూ టేపు తిప్పి చుట్టుకొలత తీసుకుని 3.14తో భాగించండి, వ్యాసం వస్తుంది. వేర్వేరు ఎత్తుల్లో ఇలా కొలిస్తే గోడ ఎక్కడైనా బయటికి ఉబ్బిందేమో కూడా పట్టుబడుతుంది.

ఫోను ఫొటోలతో త్రీడీ నమూనా చేయాలనుకుంటే ఒక్కో ఫొటో ముందు ఫొటోతో మూడింట రెండు వంతులు కలిసేలా, మబ్బు పట్టిన రోజున తీయండి. ఎండలో నీడలు గట్టిగా పడితే నమూనా చెడిపోతుంది.

ఇటుక ఏం చెబుతుంది

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టమని నా సలహా. మీరు చూస్తున్న గోడలో ఎంత పాతది, ఎంత ఈ కాలంలో వేసింది అన్నది తేల్చుకోకుండా ముందుకు పోతే మీ నోట్సు అంతా తప్పుదారి పడుతుంది.

పాత ఇటుక పెద్దది. నాగార్జునకొండ ఇటుకలు సుమారు 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. ఈనాటి మన ఇటుక పొడవు 9 అంగుళాలు. పాత ఇటుకలో మట్టితో కలిపిన ఊక కాలిపోయి మిగిల్చిన సన్నటి గీతలు కనిపిస్తాయి. అంచులు అరిగి ఉంటాయి, రంగు ఒక్కో ఇటుకకు ఒక్కోలా ఉంటుంది. మధ్యలో అతికించింది మట్టి, పైన పూసింది సున్నం. కొత్త ఇటుక అయితే అంచు పదునుగా, రంగు ఒకే తీరుగా ఉంటుంది, సందుల్లో సున్నమో బూడిదరంగు సిమెంటో కనిపిస్తుంది. జాగ్రత్త, మరమ్మతు కోసం పాత కొలతల్లోనే ఇటుకలు ప్రత్యేకంగా కాల్పించడమూ ఉంది. కాబట్టి కొలత ఒక్కటే చూసి తేల్చేయకండి. కనీసం పది ఇటుకలు మూడు వైపులా కొలవండి. తర్వాత పది వరసల ఎత్తు ఒకేసారి కొలిచి పదితో భాగించండి. సందు మందంతో కలిపి ఒక వరస ఎంతో వస్తుంది. ఆ అంకె మారిన చోట పని చేసిన చెయ్యి మారిందేమో అనుమానించండి.

తవ్వకాల తర్వాత బయటపడ్డ గోడ తల మీద కొన్ని కొత్త వరసలు వేసి, లోపలికి నీరు దిగకుండా చేయడం మన దేశంలో మామూలు పద్ధతి. అది మోసం కాదు, అవసరం. తొట్లకొండ మహాస్తూపం ఈ రూపంలో నిలబడటం వెనుక కూడా తవ్వకాల తర్వాతి మరమ్మతు పని ఉంది. మీ ప్లాన్ మీద మూడు రంగుల పెన్సిళ్లు వాడండి: పాతదని నమ్మకం ఉన్నదానికి ఒకటి, కొత్తదని తెలిసినదానికి ఒకటి, తేలనిదానికి ఒకటి. మూడో రంగు ఎక్కువగా వస్తే బాధపడకండి. నిజాయితీగా చూసిన ప్లాన్ అలాగే ఉంటుంది.

నీటి వెంట నడవండి

తొట్లకొండకు ఆ పేరు రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చింది. బావికొండ పేరులో బావులు ఉన్నాయి. కొండ మీద ఏరు లేదు, చెరువు లేదు. వాననీరు పట్టుకుని ఏడాదంతా వాడుకోకపోతే విహారం ఒక్క వేసవి కూడా నిలిచేది కాదు. కాబట్టి స్తూపం కన్నా ముందు తొట్లను చదవండి. తొట్టిలోకి నీరు ఏ రాతి వాలు మీదుగా వస్తోంది? నిండితే ఎటు పొర్లుతుంది? వంటశాలకు దగ్గరి తొట్టి ఏది? తొట్టి అంచు మీద మెట్లు చెక్కారా?

ఇక అదే నీరు కట్టడానికి శత్రువు ఎలా అవుతుందో చూడండి. స్తూపం బయట ఇటుక, లోపల మట్టి, రాళ్ల నింపుడు. నాగార్జునకొండలో కొన్ని స్తూపాలకు లోపల బండి చక్రం ఆకుల్లా గోడలు కట్టి, వాటి మధ్య మట్టి నింపారు. బరువు ఒకే వైపు పడకుండా చేసిన ఏర్పాటు అది. ఏ స్తూపమైనా పైనుంచి నీరు లోపలికి దిగితే మట్టి నాని బరువెక్కుతుంది, బయటి ఇటుకలను తోస్తుంది. నీరు బయటపడే దారి లేకపోతే గోడ ఉబ్బుతుంది, ఒకరోజు కూలుతుంది. 2019 అక్టోబర్ వానలకు తొట్లకొండ మహాస్తూపంలో కొంత భాగం కూలిపోయింది. తర్వాత మళ్లీ కట్టారు. ఈ తీరానికి అక్టోబర్, నవంబర్ తుపాన్ల నెలలు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ విశాఖను ఎలా కుదిపేసిందో మనకు గుర్తే. కాబట్టి ఈ కొండ మీది కట్టడాన్ని గమనించేవాళ్లు ఏటా వానలకు ముందు ఒకసారి, వానలు వెలిసిన వెంటనే ఒకసారి వెళ్లాలి. ఎండాకాలంలో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

వాన వెలిసిన మర్నాడు వెళితే ఇవి చూడండి. నేల మీద నీరు నిలిచిన చోట్లు ప్లాన్‌లో నీలం రంగుతో గుర్తించండి. గోడ మొదట్లో చెమ్మ ఎంత ఎత్తు దాకా ఎక్కిందో కొలవండి. స్తూపం తల మీద గడ్డి పచ్చగా ఉన్న చోట నీరు లోపలికి దిగుతోందని అనుమానించండి. గోడ కింద సన్నటి మట్టి ధారగా పేరుకుని ఉంటే లోపలి నింపుడు కొట్టుకొస్తోందని అర్థం. ఇది అన్నిటికన్నా ప్రమాదకరం, ఆ రోజే సిబ్బందికి చెప్పాలి.

జబ్బుల పటం

ప్లాన్ కాపీ ఒకటి తీసుకుని దాని మీద జబ్బులు మాత్రమే గుర్తించండి. బీటలకు ఒక గుర్తు, ఉప్పు పట్టిన చోటికి ఒకటి, మొక్కలు మొలిచిన చోటికి ఒకటి, రాయి పొరలు పొరలుగా లేచిన చోటికి ఒకటి.

బీట కొత్తదా పాతదా అన్నది అంచు చెబుతుంది. పాత బీటలో దుమ్ము, నాచు పట్టి ఉంటాయి. కొత్త బీట అంచులు శుభ్రంగా, పదునుగా ఉంటాయి. స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి, మళ్లీ వచ్చినప్పుడు అదే చోట, అదే దూరం నుంచి తీయండి. బీట మీద ఏదీ అతికించకండి, గీతలు గీయకండి.

ఇక్కడి కొండరాయి ఖొండలైట్. తూర్పు కనుమల్లో చాలాచోట్ల కనిపించేది ఇదే. తేలిగ్గా శిథిలమయ్యే రాయి, అందులోనూ సముద్రపు ఉప్పుగాలి సోకితే ఇంకా తొందరగా పొరలు లేస్తుంది. సముద్రం వైపు ముఖాన్నీ, లోపలి వైపు ముఖాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చండి. తేడా కనిపిస్తే అది మీ అధ్యయనంలో విలువైన అంశం.

రావి, మర్రి, జువ్వి మొలకలు చూస్తే పీకేయాలని చేతులు దురద పెడతాయి. పీకొద్దు. వేరు ఇటుకల మధ్య పట్టుకుని ఉంటుంది, లాగితే ఇటుకా ఊడి వస్తుంది. ఫొటో తీసి, చోటు రాసి ఇవ్వండి. దాన్ని ఎలా చంపాలో సంరక్షణ సిబ్బంది చూసుకుంటారు.

మరమ్మతును తూచే ప్రశ్నలు

పాత కట్టడం మీద సిమెంటు కనిపిస్తే ఎందుకు అనుమానపడాలో చెబుతాను. మట్టి, సున్నం ఊపిరి తీసుకుంటాయి. గోడలో చేరిన చెమ్మ సందుల గుండా ఆరిపోతుంది. సందును సిమెంటుతో బిగిస్తే చెమ్మ ఇటుక గుండానే బయటికి రావాలి. దానితో వచ్చిన ఉప్పు ఇటుక ముఖం వెనుక గట్టిపడి ఆ ముఖాన్ని పొట్టులా రాల్చేస్తుంది. సిమెంటు సందు నిక్షేపంగా ఉంటుంది, రెండు వేల ఏళ్ల ఇటుక కరిగిపోతుంది. గానుగ సున్నం తెలిసిన మేస్త్రీలు తక్కువైపోవడం, అది ఆరడానికి రోజులు పట్టడం వల్ల సిమెంటు వైపు మొగ్గుతారు. కారణం అర్థం చేసుకోదగ్గదే, ఫలితం మాత్రం క్షమించలేనిది.

ప్రతి మరమ్మతు ముందు నిలబడి ఈ ప్రశ్నలు వేసుకోండి. కొత్త భాగం దగ్గరి నుంచి చూస్తే వేరుగా తెలుస్తోందా? ఆధారం ఉన్నంత వరకే కట్టారా, ఊహించి పెంచారా? రేపు తీసేయాలంటే పాతదానికి దెబ్బ తగలకుండా తీయగలమా? కట్టడాల సంరక్షణ మీద 1964లో వచ్చిన అంతర్జాతీయ వెనిస్ ఒప్పందం, 2014లో పురావస్తు సర్వే తెచ్చిన జాతీయ సంరక్షణ విధానం దాదాపు ఇవే అడుగుతాయి.

కొన్నిసార్లు పుస్తకాల్లోని సూత్రాలు చాలవు. నాగార్జునసాగర్ ఆనకట్ట వల్ల నాగార్జునకొండ లోయ మునుగుతుందని తెలిసినప్పుడు 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయ అంతా తవ్వారు. తొమ్మిది కట్టడాలను కొండ మీద, అంటే ఇప్పటి ద్వీపం మీద, తిరిగి నిలబెట్టారు. ఇంకొన్నిటిని జలాశయం ఒడ్డున అనుపు అనే చోట పునర్నిర్మించారు. అవి తమ చోట లేవు, కానీ ఉన్నాయి. అక్కడికి వెళ్లినవాళ్లు కట్టడాన్ని చూస్తున్నామా, దాని ప్రతిని చూస్తున్నామా అని బోర్డులు చదివి తేల్చుకోవాలి. మూలంలో ఆ కట్టడం లోయలో ఏ దిక్కున, నదికి ఎంత దూరంలో ఉండేదో పాత మ్యాపులో వెతకాలి. అలా చేస్తే తప్ప అనుపు చూసినట్టు కాదు.

ఊరివాళ్లతో మాట్లాడండి

సంరక్షణ అంటే ఇటుకలు, సున్నమే కాదు. అమరావతి స్తూపం రాళ్లు పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇళ్లకు, గుడికి పోయాయి, కొన్నిటిని సున్నం కోసం కాల్చేశారు. బొజ్జన్నకొండ దగ్గర కనుమ పండుగ నాడు ఒక ఆకారాన్ని రాక్షసుడిగా భావించి రాళ్లు విసిరే ఆచారం ఉండేది. వారసత్వ పరిరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ వంటి సంస్థలు, అధికారులు ఊరివాళ్లతో మాట్లాడి మాన్పించారు. గుంటుపల్లిలో గుహలోని స్తూపాన్ని ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారు. ఆ భక్తి చాలాకాలం దాన్ని కాపాడిందని నేను నమ్ముతాను. అదే భక్తితో పెట్టే దీపాల మసి, నూనె జిడ్డు గురించి మర్యాదగా మాట్లాడుకోవాలి.

కాబట్టి కింది పల్లెలో పెద్దవాళ్లను పలకరించండి. తవ్వకాల్లో కూలికి వెళ్లినవాళ్లు ఉండొచ్చు. ఏ గోడ ఎంత ఎత్తున బయటపడిందో, ఏ తొట్టిలో ఎండాకాలం కూడా నీళ్లుండేవో ఏ నివేదికలోనూ లేని సంగతి వాళ్లు చెప్పగలరు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి, మీ అభిప్రాయం వేరే పేజీలో రాయండి. కేంద్ర రక్షణలోని స్థలాల దగ్గర 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత 200 మీటర్లు అనుమతి ఉంటేనే కట్టాలి. ఆ పరిధిలో భూమి ఉన్న రైతుకు దీనివల్ల ఏం కష్టం వస్తోందో కూడా వినండి.

చూసింది అందించండి

ఇంటికొచ్చిన వారంలోపు నోట్సు చక్కగా రాయండి, ఆలస్యమైతే మీ గుర్తులు మీకే అర్థం కావు. ప్లాన్, జబ్బుల పటం, తేదీ వేసిన ఫొటోలు కలిపి నాలుగైదు పేజీల్లో శాఖ జిల్లా కార్యాలయానికి పంపండి. మొదటి పేజీలోనే అత్యవసరమైన రెండు మూడు విషయాలు రాయండి: "స్తూపం ఈశాన్యం వైపు మట్టి కొట్టుకొస్తోంది" లాంటి వాక్యం చాలు, విమర్శలు అక్కర్లేదు. ఒక కాపీ మీ కాలేజీ లైబ్రరీలో పెట్టండి. ఫొటోల ఫోల్డర్‌కు స్థలం పేరు, తేదీ, వానలకు ముందా తర్వాతా అన్నది రాయండి. వచ్చే ఏడాది ఇంకెవరైనా అదే చోట నిలబడి ఫొటో తీయగలిగేలా, మీరు నిలబడిన చోటును ప్లాన్ మీద చుక్క పెట్టి, కెమెరా చూసిన దిక్కుకు బాణం గీసి ఉంచండి.